దివాలా, దండన: కంపెనీ డైరెక్టర్ల నేరబాధ్యత

అప్పు తీర్చలేకపోవుట దురదృష్టము. తీర్చలేనని యెఱిగియు, ఆ సంగతి దాచి, క్రొత్త అప్పు పుచ్చుకొనుట నేరము. ఈ రెండింటికిని నడుమనున్న గీటు వినుటకు స్పష్టముగనే తోచును గాని, దానిని గీయుటకు న్యాయస్థానములకు చాల కాలము పట్టినది. మన పల్లెలలో ఫలానావాడు ఐ.పి. పెట్టినాడన్న మాట వినవచ్చినపుడు, వినువారికి జాలియు అనుమానమును ఒక్కమారే కలుగును. పంట పోయి చితికినవాడా, ఆస్తిని బావమఱది పేర వ్రాసి చేతులెత్తినవాడా యని తర్కింతురు. అప్పుపడినవాడు ఒక మనిషియైనపుడు ఈ తర్కమునకు దారి కలదు. వాని యిల్లు తెలియును, నడత తెలియును. అప్పుపడినది ఒక కంపెనీయైనపుడు ఏమి చేయవలెను? దానికి చెఱసాలలో పెట్టుటకు ఒడలు లేదు. దాని పేర లెక్కలు వ్రాయించి, దాని పేర సంతకములు చేసి, దాని పేర జనుల సొమ్ము పుచ్చుకొన్నవారు కొందఱు పెద్దమనుషులు. వారిని నేరస్థుల బోనులో నిలుపవచ్చునా? నిలిపినచో ఏ నేరమునకు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకిన చరిత్రను నేడు చెప్పుకొందము. కథలో ముఖ్యభాగము స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమున జరిగినది. తుదకది మన చెన్నపట్టణమునకును వచ్చును.

మొదట ఇంగ్లండు సంగతి. అక్కడ దివాలాకోరు విషయమున పూర్వపు చట్టము అతి కఠినముగా నుండెడిది. అన్ను రాణి కాలమున, 1706లో, ఋణదాతలకు చిక్కకుండ ఆస్తిని దాచిన దివాలాకోరునకు మరణదండన విధింపవచ్చునని శాసించిరి. ఆ దండన 1820లోగాని తొలగిపోలేదు. అయితే ఈ శాసనమంతయు ఒంటరి వర్తకుని ఉద్దేశించినదే. పందొమ్మిదవ శతాబ్దమున రైళ్లు, గనులు, బ్యాంకులు పెరిగి, వందలమంది వాటాలు వేసికొని వ్యాపారము సాగించు కంపెనీలు వెలసెను. 1844 నాటి చట్టము వానిని దాఖలా చేసికొనుమనెను. ఆస్తి అప్పుల పట్టికను సిద్ధపఱచి, లెక్కలు తనిఖీ చేయింపుమనెను. 1855లో పరిమిత బాధ్యత వచ్చెను. అనగా కంపెనీ మునిగినను వాటాదారుడు తన వాటా సొమ్మునకు మించి ఒక్క కాసైనను ఇచ్చుకొననక్కఱలేదు. ఆ మఱుసటి సంవత్సరముననే, అనగా 1856లో, లెక్కల తనిఖీని కంపెనీల యిష్టమునకు విడిచిపెట్టిరి. ఈ రెండు మార్పుల కలయికను శ్రద్ధగా గమనింపవలెను. పూర్వము ఋణదాతకు రెండు రక్షలుండెను: వాటాదారుల స్వంత ఆస్తి యొకటి, కంపెనీ ప్రకటించు లెక్క యొకటి. మొదటిదానిని తీసివేసినపుడు రెండవదానిని బిగింపవలసి యుండగా, దానినిగూడ సడలించిరి.

దాని ఫలము వెంటనే కనబడెను. 1849లో లండనున తెఱవబడిన రాయల్ బ్రిటిష్ బ్యాంకు 1856 సెప్టెంబరులో మూయబడెను. విచారింపగా డైరెక్టర్లే దానియందు పెద్ద బాకీదారులని తేలెను. స్వల్పమైన సొమ్ముతో ఖాతా తెఱచిన పార్లమెంటు సభ్యుడొకడు డైరెక్టరై డెబ్బదివేల పౌనులకు పైగా అప్పు లాగియుండెను. 1858లో డైరెక్టర్లను, మేనేజరును విచారించి శిక్షించిరి. ఆ శిక్షలు ఒక యేటి ఖైదు మొదలు ఒక్క షిల్లింగు జరిమానావఱకు నుండెను. వారిపై మోపిన నేరము అప్పు తీర్చలేకపోవుట కాదు. బ్యాంకు దివాలాస్థితిలో నున్నదని యెఱిగియు అది బాగున్నదని జనులను నమ్మించుటకు కుట్ర పన్నుట. ఆ బ్యాంకు మూతపడిన వెనువెంటనే 1857లో నొక శాసనము, దానిని చేర్చుకొని 1861 నాటి చౌర్య శాసనము వచ్చెను. వంచించు తలంపుతో అసత్యమని తెలిసియు లెక్కను గాని ప్రకటనను గాని వెలువరించిన డైరెక్టరు నేరస్థుడని ఆ 1861 శాసనపు 84వ సెక్షను నిర్ణయించెను. డైరెక్టరు అను పదవికి ప్రత్యేకమైన నేరమొకటి ఏర్పడినది అప్పుడే.

చట్టము పుట్టినంత మాత్రమున న్యాయము సులభము కాలేదు. 1866 మే నెలలో ఓవరెండ్ గర్నీ యను ప్రఖ్యాత ఆర్థికసంస్థ కూలి లండను నగరమునే కదలించెను. అది అంతకు ఒక యేడు ముందు 1865లో కుటుంబసంస్థ రూపము మాని పరిమిత కంపెనీయయ్యెను. ఆనాటికే సంస్థ లోలోన గుల్లయై యున్నదనియు, ఆ సంగతి వాటాలు కొన్నవారికి చెప్పలేదనియు ఫిర్యాదు. ప్రభుత్వము ముందుకు రాకపోగా నష్టపడిన వాటాదారుడే అభియోగము నడపెను. 1869 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ఎదుట విచారణ జరిగి డైరెక్టర్లందఱును విడుదలయైరి. సంస్థ తిరిగి కోలుకొనునని నమ్మి వారు తమ స్వంత ఆస్తులనుగూడ పూచీగా పెట్టియుండిరి. తానును మునుగు పడవలో నితరులను ఎక్కించుకొన్నవానిని మోసగాడనుటకు జూరీకి మనస్సొప్పలేదు. ఈ తీర్పుచే నొక కష్టము బయటపడెను. దివాలా కేసులలో నిందితుడు సాధారణముగా దొంగవలె సొమ్ము మూటగట్టుకొని పోయినవాడు కాడు. ఆశ వీడలేక అబద్ధమాడినవాడు. వానిని చట్టము ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు తిరుగులేని రూపమున సమాధానము చెప్పినది గ్లాస్గో కేసు. సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు 1839లో స్థాపింపబడినది. 1878 నాటికి దానికి 133 శాఖలుండెను. ఆ వేసవిలో నూటికి 12 వంతున లాభము పంచిపెట్టుదుమని ప్రకటించిరి. 100 పౌనుల వాటా బజారులో 236 పౌనులు పలికెను. అటువంటి బ్యాంకు అక్టోబరు 2వ తేదీని తలుపులు మూసెను. లోపల చూచిన పరిశోధకులకు ఆస్తులకంటె అప్పులు సుమారు 52 లక్షల పౌనులు హెచ్చుగా కనబడెను. 10 లక్షల మూలధనము అంతకుమునుపే ఆవిరియైపోయినది. నాలుగు బాకీదారు సంస్థలకే 58 లక్షల పౌనుల ప్రాంతము ఇచ్చియుండిరి. అందొకటి డైరెక్టర్లలో నొకడైన జాన్ ఇన్నెస్ రైట్ గారి సంస్థయే.

ఇంత అప్పు ఎందుకిచ్చిరనగా, మొదట ఇచ్చినది రాబట్టుకొనుటకే. పెద్ద బాకీదారుడు పడిపోయినచో బ్యాంకును పడునని భయపడి, వానిని నిలుపుటకు మఱికొంత ఇచ్చిరి. వడ్డీని అసలులో కలిపి, రానివడ్డీని వచ్చినట్లు లాభములో చూపిరి. ఆ లాభమునుండి వాటాదారులకు పంచినది నిజముగా డిపాజిటుదారుల సొమ్ము. వాటాల ధర తగ్గకుండుటకై బ్యాంకు తన వాటాలను తానే రహస్యముగా కొనెను. న్యూజీలండు, ఆస్ట్రేలియాలలోని భూములందు, అమెరికాలో నొక రైలు కంపెనీయందు చిక్కుకొన్న సొమ్మును మంచి ఆస్తిగా వ్రాసిరి. చట్టప్రకారము నోట్లకు వెన్నుగా నుంచవలసిన బంగారమును గుఱించి ప్రభుత్వమునకు పంపు లెక్కలనుగూడ తప్పుగా పంపిరి. ప్రతి సంవత్సరము జూన్ నెలలో సిద్ధమగు ఆస్తి అప్పుల పట్టికలో ఈ అసత్యములన్నియు చేరుచుండెను. ఆ పట్టికను అచ్చువేసి వాటాదారుల చేతికిచ్చుచుండిరి. దానిని చూచియే జనులు వాటాలు కొనుచుండిరి, డిపాజిట్లు వేయుచుండిరి.

అక్టోబరు నెలలోనే మేనేజరు రాబర్ట్ స్ట్రానక్, ఆరుగురు డైరెక్టర్లు నిర్బంధింపబడిరి. ఎడింబరో నగరములోని ఉన్నత నేరస్థానమున 1879 జనవరి 20వ తేదీని విచారణ మొదలై ఫిబ్రవరి 1వ తేదీని ముగిసెను. న్యాయపీఠముపై లార్డు మాంక్రీఫ్, ఎదుట పదునైదుగురు జూరీ. ఇంగ్లండు నాటి 84వ సెక్షను స్కాట్లండునకు వర్తింపదు. కావున అభియోగము ఆ దేశపు అనాది న్యాయసూత్రములపైననే ఆధారపడవలసివచ్చెను. 1876, 1877, 1878 సంవత్సరముల పట్టికలను తప్పుగా కల్పించుట ఒక నేరము; అవి తప్పని తెలిసి వానిని ప్రకటించి చలామణి చేయుట వేఱొక నేరము. మొదట చౌర్యము మున్నగు అభియోగములుగూడ చేర్చిరిగాని తుదకవి విడువబడెను. మిగిలినది ఒక్క మాట: అసత్యమైన లెక్క.

డైరెక్టర్ల పక్షమున చెప్పిన సమాధానములు నేటికిని మనము వినునట్టివే. పట్టికలు తయారుచేయుట మేనేజరు పని, మాకు లెక్కలు తెలియవు. వారము కొకమారు కూర్చుండి మా యెదుట పెట్టిన కాగితములపై నమ్మి సంతకము చేసితిమి. మేము దమ్మిడీ యపహరింపలేదు. బ్యాంకులో మా వాటాలును పోయినవి, మేమును మునిగితిమి. ఇందులో కడపటి మాట నిజమే. ఓవరెండ్ కేసులో అటువంటి మాటయే డైరెక్టర్లను విడిపించినది. ఇచ్చట విడిపింపలేదు. పట్టిక తప్పని తెలిసినదా లేదా, తెలిసియు దానిని జనుల చేతికిచ్చితిరా లేదా అనునదే ప్రశ్న యయ్యెను. బ్యాంకు ఎప్పటికైన బాగుపడునన్న ఆశ నిజమైనదే కావచ్చును. కాని నేటి స్థితిని గుఱించి నేడు చెప్పిన అబద్ధమును రేపటి ఆశ నిజము చేయజాలదు.

జూరీ నేరమును రెండు తరగతులుగా విడదీసెను. లూయీ పాటర్ అను డైరెక్టరును, మేనేజరు స్ట్రానక్‌ను పట్టికలు కల్పించినందులకును ప్రకటించినందులకును దోషులనెను. తక్కిన ఐదుగురు, అనగా సాల్మండ్, టేలర్, ఇంగ్లిస్, స్టూవర్టు, ఇన్నెస్ రైట్ గార్లు, తప్పని తెలిసి ప్రకటించినందులకు మాత్రము దోషులనెను. మొదటి యిద్దఱికి 18 నెలలు, తక్కినవారికి 8 నెలలు ఖైదు పడెను. ఈ ఐదుగురి విషయమే మనకు ముఖ్యము. వారు అంకెలు దిద్దలేదు. దిద్దుమని చెప్పినట్లును ఋజువు కాలేదు. తెలిసియుండి ఊరకుండి, తమ పేరును ఆ కాగితమునకు అరువిచ్చిరి. పేరునకు డైరెక్టరు అనునది చెఱసాలకు పోకుండుటకు సమాధానము కాదని ఆనాడు స్థిరపడినది.

ఆ శిక్ష చాలదని అనేకులు తలంచిరి. దానికి కారణము మఱియొక వైపు జరుగుచున్నది చూచినచో తెలియును. ఆ బ్యాంకు పరిమిత బాధ్యత లేనిది. ఋణదాతలకు పూర్తిగా చెల్లువఱకు వాటాదారులు తమ స్వంత ఆస్తులనుండి ఇచ్చుకొనవలసినదే. వారు మొత్తము 1,819 మంది. ప్రతి 100 పౌనుల వాటాకు మొదట 500 పౌనులు కట్టుమనిరి. చాలమంది కట్టలేకపోయిరి. అందుచే మిగిలినవారిని 1879లో మరల 2,250 పౌనులు కట్టుమనిరి. ఒక్కొక్క నూటికి 2,750 పౌనులన్నమాట! ఇల్లు, పొలము, నగలు అన్నియు పోయి, తుదకు దివాలా తీయక నిలిచినవారు 254 మంది మాత్రమే. వారిలో చాలమంది వర్తకులు కారు. తండ్రి యిచ్చినదో, జీతమున మిగిల్చినదో భద్రమైనచోట నున్నదనుకొన్న సామాన్యులు, వితంతువులు, పెండ్లికాని స్త్రీలు.

వీరికంటె దుస్థితి ధర్మకర్తలది. చనిపోయిన మిత్రుని పిల్లల సొమ్మును కాపాడుటకై తమ పేర వాటాలుంచిన పెద్దలుండిరి. అందులో వారికి ఒక్క పెన్నీ లాభము లేదు. వాటాదారుల పుస్తకములో పేరున్నది గనుక వారును స్వంత ఆస్తినుండి చెల్లింపవలసినదేయని 1879లోనే ప్రభువులసభ తీర్పు చెప్పెను. ఇంకొక వాటాదారుడు, మోసముచే నాకు వాటాలు అంటగట్టిరి, నష్టపరిహారమిప్పింపుడని వ్యాజ్యము తెచ్చెను. బ్యాంకు మూతపడిన పిమ్మట వాటాదారుడుగా నుండి ఆ బ్యాంకుపైననే పరిహారము కోరరాదని 1880లో అదే సభ త్రోసిపుచ్చెను. డిపాజిటుదారులకు పూర్తిగా ముట్టినది. బాధితులకై జనులు సుమారు నాలుగులక్షల పౌనుల చందా పోగుచేసిరి. కాని లెక్క వ్రాయించినవారు 18 నెలలలో ఇల్లు చేరిరి. లెక్క నమ్మినవారు ఇల్లే పోగొట్టుకొనిరి. ఈ అసమానత చూచిన పిదప పార్లమెంటు మిన్నకుండలేకపోయెను.

1879 నాటి కంపెనీ చట్టము రెండు పనులు చేసెను. పరిమిత బాధ్యత లేని బ్యాంకులు పరిమిత బాధ్యతకు మాఱుటకు దారి యేర్పఱచెను. అట్లు మాఱిన బ్యాంకు తన లెక్కలను ప్రతి సంవత్సరము తనిఖీ చేయింపవలెనని నిర్బంధించెను. కొలది సంవత్సరములలో స్కాట్లండులోని పరిమిత బాధ్యత లేని తక్కిన బ్యాంకులన్నియు ఈ మార్గము త్రొక్కెను. 1900లో తనిఖీ అన్ని కంపెనీలకును తప్పనిసరియయ్యెను. ఇది చాల పెద్ద బేరము. వాటాదారుని యిల్లు ఇకమీద ఋణదాతకు తాకట్టు కాదు. దాని స్థానమున ఋణదాతకు దొరకిన హామీ అచ్చుపడిన లెక్కయే. ఆ లెక్క అబద్ధమైనచో అతనికేమియు మిగులదు. అందుచేతనే కంపెనీ దివాలాలో డైరెక్టరు అబద్ధము సాధారణమైన అబద్ధము కాదు; హామీనే దొంగిలించుట యగును. నేరబాధ్యత యొక్క మూలమిచ్చట నున్నది.

ఆ బేరము మన దేశమున ఇంకను వేరూనని దినములలోనే చెన్నపట్టణమునకు గ్లాస్గో వంటి దుర్దినము వచ్చెను. ఆర్బత్‌నాట్ కంపెనీ సుమారు నూఱేండ్లు అచట వ్యాపారము చేసినది. పేరునకు కంపెనీయేగాని చట్టదృష్టిలో నది భాగస్థుల సంస్థ. దాని లెక్కలు జనులకు చూపవలసిన పని లేదు. అందులో డిపాజిటు వేయుట ప్రభుత్వోద్యోగికి, వకీలునకు, పింఛనుదారునకు గౌరవచిహ్నమువలె నుండెను. 1906 అక్టోబరు 22వ తేదీని ఆ సంస్థ చెల్లింపులు నిలిపివేసెను. దానికి రెండు దినములు ముందు లండనునందలి భాగస్థుడు మెక్‌ఫేడియన్ రైలు క్రింద పడి ప్రాణము తీసికొనెను. చెన్నరాజధానిలోని వేలకొలది కుటుంబముల నిలువ సొమ్ము ఆ ఒక్కనాటితో చిక్కుపడెను. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే గనుక ఆ దెబ్బ తెలుగువారికిని తగిలినది. సంస్థ పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్‌ను మోసపు నేరములపై విచారించి 18 నెలల కఠినశిక్ష విధించిరి. నగర వర్తక ప్రముఖుడు, బిరుదు పొందిన దొర, ఆ రోజులలో చెఱసాలకు పోవుట జనులు కలలోనైన తలంపని సంగతి.

ఋణదాతల పక్షమున పనిచేసిన వి. కృష్ణస్వామి అయ్యరు గారు మున్నగువారు ఏడుపుతో ఊరకుండక, 1907 ఆగస్టు 15వ తేదీని ఇండియన్ బ్యాంకును ప్రారంభింపించిరి. 1923లో బందరున భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకును ఈ త్రోవలోనిదే. (అది 2020లో యూనియన్ బ్యాంకునందు కలసినది.) ఇవి దొర పేరు చూచి నమ్ముమన్న సంస్థలు కావు, వాటాదారులు, సభలు, అచ్చువేసిన లెక్కలు గల పరిమిత కంపెనీలు. వ్యక్తి పరువుపై నమ్మకము పోయి, ప్రకటింపబడిన లెక్కపై నమ్మకము వచ్చుట ఈ మార్పునందలి సారము.

ఆ పిమ్మట చట్టము ఇంకను రెండడుగులు సాగినది. మొదటిది 1931లో. రాయల్ మెయిల్ ఓడల కంపెనీ అధ్యక్షుడు లార్డు కిల్‌సంట్ 1928లో వెలువరించిన ప్రకటనలో ఏ యంకెయు విడిగా అబద్ధము కాదు. అయినను కంపెనీ నష్టములలో నున్న సంగతి దాగునట్లు అంకెలను కూర్చిన తీరు మోసమని న్యాయస్థానము నిర్ణయించి ఒక సంవత్సరము ఖైదు విధించెను. నిజములను ఏరి పేర్చికూడ అబద్ధము చెప్పవచ్చునని చట్టము గుర్తించెను. రెండవది 1928, 1929 నాటి ఆంగ్ల కంపెనీ చట్టములలో వచ్చినది. ఋణదాతలను వంచించు తలంపుతో వ్యాపారము సాగించుటయే నేరముగా, దానికి కారకులైనవారు అప్పులకు స్వయముగా బాధ్యులుగా అందు నిర్ణయించిరి. అబద్ధపు కాగితము దొరకకున్నను నడతయే సాక్ష్యమగును.

మన దేశపు 1956 నాటి కంపెనీ చట్టపు 542వ సెక్షను, 2013 నాటి చట్టపు 339వ సెక్షను ఈ సూత్రమునే అనుసరించినవి. 2013 చట్టపు 447వ సెక్షను పెద్ద మోసములకు పది సంవత్సరములవఱకు ఖైదు పెట్టినది. 2016 నాటి దివాలా స్మృతి ఇంకొక మెట్టు దిగివచ్చినది. దివాలా తప్పదని తెలిసియో, తెలియవలసియుండియో, ఋణదాతల నష్టమును తగ్గించుటకు తగిన జాగ్రత్త పడని డైరెక్టరుచే సొమ్ము కట్టింపవచ్చునని దాని 66వ సెక్షను చెప్పెను. ఇది శిక్ష కాదు, పరిహారము. తెలిసి చేసిన వంచనకు చెఱసాల, తెలిసికొనక పోయిన అజాగ్రత్తకు పరిహారము అను ఈ విభజన ఎంతో న్యాయమైనది. ప్రతి నష్టమును నేరమనుచో సాహసించి వ్యాపారము పెట్టువాడే యుండడు. ఏ నష్టమును నేరము కాదనుచో సొమ్ము నమ్మి యిచ్చువాడే యుండడు.

ఇంత చరిత్రలోను న్యాయస్థానము చేయలేకపోయిన పని యొకటి కలదు: పోయిన సొమ్మును అది తెచ్చి యీయలేదు. ఎడింబరోలోను, చెన్నపట్టణములోను పడిన పదునెనిమిది నెలలు ఏ వితంతువు యింటిని ఆమెకు తిరిగి యిచ్చినవి కావు. కావున శిక్షకంటె ముందు జరుగవలసినది మన చేతులలో నున్నది. సొమ్ము పెట్టువారు సంస్థ ఇచ్చు వడ్డీని చూచుటకు ముందు, దాని పట్టికను చూడవలెను. చూచుట రానివారు చూపించుకొనవలెను. ఊరిలో సహకార సంఘమునకో, చిట్ల కంపెనీకో, బ్యాంకునకో పెద్దగా నుండుమని పిలువబడినవారు తమ పేరు విలువ యెంతయో తెలిసికొనవలెను. మీ పేరు చూచియే పదిమంది సొమ్ము తెచ్చి పోయుదురు. ఎదుటకు వచ్చిన కాగితము బోధపడనపుడు అడుగుటకు సిగ్గుపడరాదు. అడిగినను బోధపడనపుడు సంతకము చేయరాదు. గ్లాస్గోలో ఎనిమిదేసి నెలలు చెఱలో నున్న ఆ ఐదుగురు అంకెలు దిద్దినవారు కారు. ఆ కాగితము తప్పని తెలిసినపుడు, ఇది తప్పు అని ఆ బల్లయొద్ద ఒక్క మాట అననివారు.